వదులుగా కట్టిన ఎర్ర దారం

మా వంటింటి బల్ల దగ్గర,
ఆదివారం మధ్యాహ్నం

చెవులు వినపడని వదినకి, గొంతు లేని మరదలి నమస్కారాలు.

ఫోను చేద్దామని రెండుసార్లు తీసి మళ్ళీ పెట్టేశాను. నేనొకటి అడగడం, మీరు అన్నయ్యని పిలిచి "ఇదేదో అంటోంది, నువ్వు విను" అనడం, అన్నయ్య మధ్యలో తన పంటి నొప్పి సంగతి ఎత్తుకోవడం, ఎందుకొచ్చిన గొడవ! ముప్పై నాలుగేళ్ళు పార్కుల్లో మర రంపాల మోత విన్న చెవులు మీవి. నా గొంతు సంగతి పుట్టినప్పటి నుంచీ అంతే. మనిద్దరికీ ఉత్తరాలే శ్రేయస్కరం.

భుజం ఎలా ఉంది? ఆపరేషను కుట్లు తీశారా?

మీరు నాకు అప్పగించి వెళ్ళిన తరగతి ఈ రోజు మొదలుపెట్టాను. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని లైబ్రరీ వెనక సైకిళ్ళ షెడ్డుకి వెళ్ళాను. ఇంట్లో చెట్లున్న వాళ్ళు, వీధి చెట్లు చూసుకుంటామని ముందుకొచ్చిన వాళ్ళు, అంతా కలిపి పదకొండు మంది వచ్చారు. కొమ్మ ఎక్కడ కోయాలో, ఎందుకు కోయాలో చెప్పడం మొదలుపెట్టాను. ముందు వరస వాళ్ళు "ఏమన్నారు?" అన్నారు. వెనక వరస వాళ్ళు వాళ్ళ కబుర్లు వాళ్ళు చెప్పుకున్నారు. రిటైరైన బస్సు డ్రైవరు గారు ఒకాయన ఉన్నారు. "మేడం, మా ఇంట్లో పాత హారను ఒకటి ఉంది, తెచ్చిమ్మంటారా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ చెవులు వేడెక్కాయి.

ఇంకొకావిడ వాళ్ళ నిమ్మచెట్టుని పై నుంచి అడ్డంగా కోసేసిందట. "ఎత్తు తగ్గించాను, తప్పా?" అని అడిగింది. వెళ్ళి చూశాను. ప్రతి మోడు నుంచీ పదేసి పుల్లలు నిటారుగా లేచి చీపురు బోర్లించినట్టు ఉంది. "నేను కోసిన కొద్దీ పంతం పట్టి పెరుగుతోందండీ" అని చెట్టు మీదే చాడీలు చెప్తోంది.

అసలు సంగతి ఇప్పుడు రాస్తాను. లైబ్రరీ గేటు పక్కన మనం గుమ్మం చెట్టని పిలుచుకునే పెద్ద చెట్టుకి పార్కుల ఆఫీసు వాళ్ళు కాగితం అంటించారు. అంటించడం కాదు, మేకుతో కొట్టారు. గేటు మీదికి వంగిన కొమ్మని శిక్షణ ఉన్న వాళ్ళ చేత పద్ధతిగా తీయించాలట. మూడు నెలల తర్వాత చెట్లని పరీక్షించే అధికారి వస్తాడట. పడమటి వైపు మానులో ఉన్న పెద్ద తొర్ర చూసి, చెట్టు నిలబడగలదో లేదో తేలుస్తాడట. నిలబడదంటే మొదలుకంటా కొట్టేస్తారు.

ఆ తొర్ర ఎలా వచ్చిందని తరగతిలో అందరూ అడిగారు. నాకు తెలియదన్నాను. మీకు తెలుసా?

మీ మరదలు

*

ఆసుపత్రి వెనక వీధి, మేడ మీద గది,
గురువారం

గొంతు లేని మరదలికి, ప్రస్తుతానికి ఒక చెయ్యే ఉన్న వదిన రాస్తున్నది.

కుట్లు తీశారు. రోజుకి మూడుసార్లు గోడ మీద వేళ్ళతో సాలీడులా పైకి పాకించమంటారు. మొన్న స్విచ్చు బోర్డు దాకా పాకింది, నిన్న ఇంకో జానెడు. చిన్నప్పుడు బళ్ళో మొట్టికాయలు వేసి మరీ రాత కుడి చేతికి మార్చారు. రంపం మాత్రం ఎడమ చేతిలోనే ఉండిపోయింది. ఇప్పుడు పాడైంది రంపం పట్టే భుజం కాబట్టి నీకు ఉత్తరం రాయగలుగుతున్నాను. ఆ మాస్టారికి ఇన్నేళ్ళకి దణ్ణం పెట్టుకున్నాను.

మీ అన్నయ్య వంట చేస్తున్నాడు. ఇంతకన్నా ఏమీ రాయను, పక్కనే కూర్చుని చదువుతున్నాడు.

హారను వద్దు, ఏమీ వద్దు. నువ్వు గొంతు పెంచకు. ఇంకా తగ్గించు. వినాలనుకున్నవాడు దగ్గరికి వస్తాడు. దగ్గరికి వచ్చినవాడికే కొమ్మ మొదలు కనపడుతుంది. షెడ్డులో నిలబెట్టి ఉపన్యాసం చెప్పకు, చెట్టు దగ్గరికి తీసుకుపో. కొమ్మ మానులో కలిసే చోట చొక్కా కాలరులా ఉబ్బెత్తుగా ఉంటుంది కదా, ఒక్కొక్కరి చేతా దాన్ని వేళ్ళతో తడిమించు. ఆ కాలరు చెట్టుది, కొమ్మది కాదు. దాన్ని వదిలి, దాని బయట కోస్తే గాయం చుట్టూ కొత్త బెరడు వచ్చి మూసుకుంటుంది. అక్కర్లేని పొడుగు మోడు వదిలితే అది కుళ్ళుతుంది. మానుకి సమంగా కాలరుతో సహా నున్నగా కోసేస్తే ఇంకా అన్యాయం.

మన ఎర్ర దారం పద్ధతి మర్చిపోకు. ఊలు బుట్ట నీకే ఇచ్చి వచ్చాను. ముందు రోజు సాయంత్రం నువ్వు ఒక్కదానివే తిరిగి, కోయాల్సిన చోట దారం కట్టు. దారం లేని చోట రంపం పెట్టకూడదు, దారం ఉన్న చోట వాదన పెట్టుకోకూడదు. ఈ ఒక్క నియమం వల్ల నేను ఇన్నేళ్ళలో ఎంత మంది ఉత్సాహవంతుల నుంచి ఎన్ని చెట్లని కాపాడానో!

నిమ్మచెట్టావిడకి చెప్పు, అది పంతం కాదు, ఆకలి. ఆకులన్నీ ఒక్కసారి పోతే ఏం చేస్తుంది పాపం, దొరికిన చోటల్లా చిగుళ్ళు వేస్తుంది. వాటిలో ఒకటి రెండు మంచివి ఉంచి, మిగతావి రెండేళ్ళ మీద మెల్లగా తీయాలి.

గుమ్మం చెట్టు తొర్ర పాత గాయం. దాని జోలికి పోకండి. గేటు మీది కొమ్మ సంగతి చూడండి.

మీ వదిన

*

మా ఇంటి వెనక మెట్ల మీద,
నెల తర్వాత, శనివారం

వదినకి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే గొంతు తగ్గించాను. మొదటి ఆదివారం ఎవరికీ ఏమీ వినపడలేదు. రెండో ఆదివారం అందరూ నా చుట్టూ గుంపుగా చేరారు. మూడో ఆదివారం డ్రైవరు గారు వెనక వాళ్ళని "ముందుకి జరగండి, ముందుకి జరగండి, లోపల చాలా ఖాళీ ఉంది" అని బస్సులో తోసినట్టు తోశారు. ఇప్పుడు నేను నోరు తెరిస్తే పిచ్చుకలు కూడా ఊరుకుంటున్నాయి.

ఎండిన కొమ్మ, జబ్బు చేసిన కొమ్మ, ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలు ముందు తీయాలని నేర్పాను. ఆ తర్వాత ఏం తీయాలని అడిగితే, "ఆ తర్వాత కత్తెర జేబులో పెట్టుకుని ఒకసారి చెట్టు చుట్టూ తిరగండి" అని మీ మాటే చెప్పాను. ఒక్క ఏడాదిలో పావు వంతు ఆకుల కన్నా ఎక్కువ తీయకూడదంటే నిమ్మచెట్టావిడ మొహం చిన్నబుచ్చుకుంది. ఆవిడ కత్తెరకి నూనె రాసి గుడ్డలో చుట్టి ప్రతి ఆదివారం తెస్తోంది. వాడే అవకాశం రావడం లేదని బాధ.

ఒక మాట మీరు నవ్వకుండా వినాలి. కోసే ముందు నేను కళ్ళు మూసుకుని మనసులో ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుంటున్నాను. ఎవరికీ చెప్పలేదు. కానీ నేను కళ్ళు మూసుకునేసరికి అందరూ రంపాలు దించి నిలబడుతున్నారు. డ్రైవరు గారు టోపీ కూడా తీస్తున్నారు.

వచ్చే ఆదివారం గుమ్మం చెట్టు కొమ్మ తీస్తాం. మీరు నేర్పిన మూడు కోతలూ అందరి చేతా పుల్లల మీద వేయించాను. మొదట కింద నుంచి కొంచెం, తర్వాత దానికి అవతల పై నుంచి పూర్తిగా, కొమ్మ బరువు నేల మీదికి దిగిపోయాక చివరికి కాలరు బయట మూడోది. భయంగా ఉంది, సంతోషంగానూ ఉంది.

లైబ్రరీ మేడం ఉద్యోగంలో చేరి ఇరవై ఏళ్ళయిందట, అప్పటికే తొర్ర ఉందట. మీరు ఇంకా ముందు నుంచీ ఈ వీధి చెట్లు చూశారు కదా. ఎప్పటిదో గుర్తు చేసుకోండి. అధికారి అడిగితే చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి.

మీ మరదలు

*

మేడ మీద గది,
బుధవారం

మరదలికి,

నవ్వలేదు. ప్రార్థన మంచిదే. కళ్ళు తెరిచాక మాత్రం ఇంకోసారి దారం వైపు చూడు. దేవుడు నీ మనసు చూస్తాడు, కాలరు నువ్వే చూసుకోవాలి.

చెయ్యి కిటికీ పై అంచు దాకా పాకింది. మీ అన్నయ్య అక్కడ పెన్సిలుతో గీత గీసి తారీఖు వేశాడు. ఇంటి యజమాని చూస్తే ఏమంటాడో!

కొమ్మ తీశాక అన్నీ వివరంగా రాయి. ఎవరు నిచ్చెన పట్టుకున్నారు, ఎవరు కోశారు, కోత మొహం గుండ్రంగా వచ్చిందా, కోలగా వచ్చిందా. నాకు ఇక్కడ గోడ తప్ప చూడటానికి ఇంకేం లేదు. ఏదీ దాచకు.

మీ వదిన

*

ఇంటి నుంచి,
సోమవారం

వదినకి,

కొమ్మ తీయడం అయిపోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. దేవుడి దయ. వాన పడేలా ఉంది.

నిమ్మచెట్టావిడ ఒక మాట అడగమంది. ఎవరైనా పొరపాటున కోత మరీ మానుకి దగ్గరగా కోస్తే ఏమవుతుంది? దాని మీద తారు గానీ రంగు గానీ పూస్తే గాయం మానుతుందా? వీలైతే వెంటనే రాయండి.

అన్నయ్యని అడిగానని చెప్పండి.

మీ మరదలు

*

మేడ మీద గది,
శుక్రవారం

ఏమే అమ్మాయీ,

నిమ్మచెట్టావిడకి రంపం పట్టే అవకాశం ఎప్పుడొచ్చింది? గుడ్డలో చుట్టిన కత్తెర విప్పే వీలే ఆవిడకి దొరకడం లేదని నువ్వే రాశావుగా!

నువ్వు ఇన్నేళ్ళలో నాకు ఇంత పొట్టి ఉత్తరం ఎప్పుడూ రాయలేదు. మీ అబ్బాయికి పరీక్ష పోయినప్పుడు కూడా రెండు పేజీలు రాశావు. అప్పుడూ చివర్లో వాన సంగతే రాశావు.

తారు పుయ్యకు. రంగు పుయ్యకు. పసుపు, మట్టి, పేడ, ఎవరు ఏం చెప్పినా పుయ్యకు. పైన కప్పితే లోపల తడి నిలిచి కుళ్ళు పెరుగుతుంది. గాలికి వదిలెయ్యి.

ఇప్పుడు కూర్చుని నిజం రాయి.

వదిన

*

మా వంటింటి బల్ల దగ్గర,
ఆదివారం, తరగతి లేదు

వదినా, క్షమించండి.

శనివారం సాయంత్రం నేనే వెళ్ళి దారం కట్టాను. కాలరు ఎక్కడ అయిపోతుందో వేళ్ళతో తడిమి, సరిగ్గా దాని బయటే కట్టాను. కానీ గట్టిగా ముడి వేయడానికి మనసు ఒప్పలేదు. పొద్దున్న ఎలాగూ దాన్ని కోసి పారేస్తాం, ఈ ఒక్క రాత్రి అయినా ఎందుకు బిగించడం అనిపించింది. రెండు వేళ్ళు దూరేంత వదులుగా కట్టాను. ఇది చదివి మీరు తల పట్టుకుంటారని తెలుసు. పట్టుకోండి, కానీ ఎడమ చేత్తో వద్దు.

ఆ కొమ్మ పైకి లేచి తర్వాత గేటు మీదికి వంగింది కదా. రాత్రి గాలి వీచింది. దారం మెల్లగా కిందికి జారి, కాలరు దాటి, కొమ్మకీ మానుకీ మధ్య సందులో కూర్చుంది. పొద్దున్న అందరూ వచ్చారు. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. ఎప్పటికన్నా ఎక్కువసేపే చేసుకున్నాను. కళ్ళు తెరిచాక దారం ఎర్రగా కనపడింది, అంతే చూశాను. ఎక్కడుందో చూడలేదు.

మొదటి రెండు కోతలూ చక్కగా వచ్చాయి. కొమ్మ తాడు మీద పువ్వులా దిగింది, చప్పట్లు కొట్టారు. మూడో కోతకి డ్రైవరు గారు నిచ్చెన ఎక్కారు.

"మేడం, దారం బాగా లోపలికి ఉందే?" అన్నారు.

నేను లైబ్రరీ మేడంతో మాట్లాడుతున్నాను. నిమ్మచెట్టావిడ కింద నుంచి అందుకుంది. "దారం ఉన్న చోట వాదన పెట్టుకోకూడదని చెప్పలేదా? కోసెయ్యండి అన్నయ్యగారూ!"

నేను తల తిప్పి చూసి "ఆగండి" అన్నాను. వదినా, నిజంగా అన్నాను. నా పక్కనున్న మేడంకి కూడా వినపడలేదు. రంపం చప్పుడులో ఆయనకేం వినపడుతుంది? మానుకి సమంగా, కాలరుతో సహా, పలకలా నున్నగా కోసేశారు. కిందికి దిగి గర్వంగా చెయ్యి దులుపుకుని నా మొహం చూశారు. పాపం, రంపం మెల్లగా కింద పెట్టేశారు.

"తప్పయిందా మేడం? నేను దారం చూసే కోశానండీ."

"తప్పు మీది కాదు, దారం కట్టిన దానిది" అన్నాను. ఆయన నమ్మలేదు. ఇన్నేళ్ళు బస్సు నడిపి ఒక్క కుక్కపిల్లని కూడా తగలనివ్వలేదట. రంపం పట్టి రెండు నెలలు తిరగకుండా ఒక చెట్టుని గుద్దానంటున్నారు. ఆ రోజు నుంచీ రోజూ పొద్దున ఆ గేటు దాకా వెళ్ళి చూసి వస్తున్నారని లైబ్రరీ మేడం చెప్పింది.

ఇంకో తప్పు కూడా చెప్పేస్తాను. నేను పెద్దదాన్నై ఉండి, మా ఆయన పెట్టెలోంచి తారు డబ్బా తీసి సంచిలో పెట్టుకున్నాను. పైగా ఆ అధికారి కంటికి ఈ కోత కనపడకుండా చూడమని దేవుడికి మొక్కుకున్నాను. రెండు రోజులు అలాగే మొక్కాను. మూడో రోజు దీపం ముందు కూర్చుంటే సిగ్గేసింది. ఒకరి కళ్ళు కప్పమని ఆయన్ని ఎలా అడిగాను? మీ ఉత్తరం వచ్చాక డబ్బా తిరిగి పెట్టెలో పెట్టేశాను.

అధికారి వచ్చే నెల మొదటి మంగళవారం వస్తాడు. ఒక పక్క ఆ తొర్ర, ఇంకో పక్క ఈ కోత. శిక్షణ ఉన్న వాళ్ళు చేసిన పని ఇదా అంటే ఏం చెప్పను? మీరు నమ్మి ఇచ్చిన చెట్టు నా వల్ల పోతే మీ మొహం ఎలా చూడను? ఈ తరగతి ఇంకెవరికైనా అప్పగించండి.

మీ మరదలు

*

మేడ మీద గది,
ఆదివారం, మళ్ళీ సోమవారం

మరదలికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి తల పట్టుకున్నాను, కుడి చేత్తోనే. రెండు వేళ్ళు దూరేంత వదులుగానా? చెట్టుకి గాలాడదనుకున్నావా? సరే. నిన్ను తిట్టే హక్కు నాకుందో లేదో ఇది చదివాక నువ్వే చెప్పు.

తొర్ర గురించి నువ్వు రెండుసార్లు అడిగావు. రెండుసార్లూ తప్పించుకున్నాను. ఆ తొర్ర నేను చేసిందే.

నాకు ఇరవై రెండేళ్ళు. పార్కుల్లో ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. మీ అన్నయ్యతో పెళ్ళి కూడా కాలేదు. రంపం పట్టే ఆడపిల్ల నేనొక్కదాన్నే, అదీ ఎడమ చేత్తో. గుమ్మం చెట్టుకి పడమటి వైపు పెద్ద కొమ్మ ఉండేది. మానుకి సమంగా కోసి తారు పూయాలని అప్పట్లో అందరికీ అలాగే నేర్పేవారు. నేను ఎంత నున్నగా కోశానంటే, మా మేస్త్రీ అరచేత్తో నిమిరి, "చూడండ్రా, ఇది కోతంటే!" అని మగవాళ్ళందరినీ పిలిచి చూపించాడు. ఆ ఒక్క కోతతో నాకు పేరొచ్చింది. ఆ రోజు ఇంటికి పాట పాడుకుంటూ వెళ్ళాను.

నాలుగేళ్ళకి తారు కింద మెత్తబడింది. ఆరేళ్ళకి వేలు దూరింది. అప్పటికి కాలరు సంగతి పాఠాల్లోకి వచ్చింది, నాకు అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు. మీ అన్నయ్యకి కూడా నిన్ననే చెప్పాను. "ఏటా ఒక రోజు పొద్దున్నే గొడుగు కర్ర పట్టుకుని అక్కడికే పోయేదానివా? వాకింగు అనుకున్నానే!" అన్నాడు.

అది గొడుగు కర్ర కాదు. నున్నగా చెక్కించిన కొలకర్ర. ఏటా ఒకే నెలలో తొర్రలోకి పెట్టి, ఎంత లోపలికి పోతే అక్కడ గీత గీసి పక్కన ఏడాది చెక్కేదాన్ని. ఇంట్లోవాళ్ళకీ వీధివాళ్ళకీ చెట్టు కోయడం నేర్పాలని నేను మొదలుపెట్టింది కూడా ఆ కర్ర వల్లే. నేర్పిన ప్రతిసారీ కొంచెం తేలికగా ఉండేది. కానీ ఏ తరగతినీ ఆ చెట్టు పడమటి వైపుకి మాత్రం తీసుకెళ్ళలేదు. భుజం బాగున్నా పరీక్ష రోజు అక్కడికి వచ్చేదాన్నా అంటే, ఏమో.

(సోమవారం)

రాత్రంతా ఆలోచించాను. మా ఇంటి తాళం నీ దగ్గర ఉంది. ముందు గదిలో తలుపు వెనక గొడుగులు పెట్టే డబ్బాలో ఆ కర్ర ఉంది. తీసుకుని పరీక్షకి వెళ్ళు. అతనికి ఇవ్వు. ఎవరు కోశారంటే నేనని చెప్పు, ఏ ఏడాదో చెప్పు. ఆ గాయం వయసు తెలిసినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే. కర్ర మీద చివరి గీతలు దగ్గరగా చూడు, నాకు ఏదో అనిపించేది కానీ పైకి అనుకోవడానికి ధైర్యం చాలేది కాదు.

నీ కోత కూడా నువ్వే చూపించు. అతను కనిపెట్టే దాకా ఆగకు.

తరగతి ఇంకెవరికీ ఇవ్వను.

నీ వదిన

*

లైబ్రరీలో, కిటికీ పక్క బల్ల,
మంగళవారం సాయంత్రం

వదినా,

ఇంటికి వెళ్ళే దాకా ఆగలేక ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. లైబ్రరీ మేడం కాగితాలు ఇచ్చింది.

అధికారి పొద్దున తొమ్మిదింటికి వచ్చాడు. కళ్ళద్దాలు, సన్నటి మనిషి, మాట పొదుపు. తరగతి మొత్తం గేటు దగ్గర నిలబడింది. అతను చెక్క సుత్తితో మాను చుట్టూ తట్టుకుంటూ చెవి పెట్టి వింటున్నాడు. తొర్ర దగ్గరికి వచ్చేసరికి చప్పుడు మారింది. మా అందరి మొహాలూ కూడా.

అతను మా కోత ఉన్న తూర్పు వైపుకి రాకముందే నేను ఎదురు వెళ్ళాను. "బాబూ, ఇక్కడ ఒక తప్పు కోత ఉంది. దారం నేను వదులుగా కట్టాను, అది జారింది" అన్నాను.

"ఏమన్నారు?" అన్నాడు. నేను మళ్ళీ అన్నాను. అతను వంగి, చెవి నా నోటి దగ్గరికి తెచ్చి విన్నాడు.

వెనక నుంచి డ్రైవరు గారు, "కోసింది నేనండీ, రాసుకోండి!" అన్నారు. నిమ్మచెట్టావిడ, "కొయ్యమంది నేను!" అంది. అధికారి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అందరూ ఒప్పుకుంటే నేను ఎవరి మీద రాయాలమ్మా?" అన్నాడు. తర్వాత కోతని వేళ్ళతో తడిమి చూసి, "ఇది తప్పే. మూసుకోవడానికి చాలా ఏళ్ళు పడుతుంది. చెట్టు గట్టిది, దీని వల్ల పడిపోదు. ఏమీ పుయ్యలేదు కదా, మంచి పని చేశారు" అన్నాడు. నాకు తారు డబ్బా గుర్తొచ్చి తల దించుకున్నాను.

"నాకు దిగులు ఆ తొర్రతోనే. ఎప్పటిదో తెలియదు, ఎంత వేగంగా లోపలికి పోతోందో తెలియదు. తెలియనిదాన్ని గేటు పక్కన ఉంచలేను" అన్నాడు.

అప్పుడు కర్ర ఇచ్చాను. ముప్పై నాలుగేళ్ళ కిందటిదని చెప్పాను. ఎవరు కోశారని అడిగాడు. "మా వదిన. నాకు నేర్పింది కూడా ఆవిడే" అన్నాను. ఈ మాట మాత్రం అందరికీ వినపడింది. నా గొంతు ఎక్కడి నుంచి అంత వచ్చిందో తెలియదు.

అతను కర్రని ఎండలోకి పట్టుకుని ఒక్కొక్క గీతా చదివాడు. చాలాసేపు చదివాడు. తర్వాత మానుకి మూడు చోట్ల సన్నటి సూది లాంటి యంత్రం పెట్టి లోపలి చెక్క ఎంత గట్టిగా ఉందో చూశాడు. పుస్తకంలో అంకెలు రాసుకున్నాడు, కర్ర పక్కన పెట్టి పోల్చుకున్నాడు.

వదినా, చివరి తొమ్మిది గీతలూ ఒక్కచోటే ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పడి కర్ర అక్కడ అరిగిపోయింది. ఏడాదులు చెక్కడానికి చోటు లేక పక్కకి రాసుకుంటూ పోయారు మీరు. "తొమ్మిదేళ్ళ కిందటే చెట్టు లోపల గోడ కట్టేసుకుంది. కుళ్ళు అక్కడే ఆగిపోయింది. చుట్టూ కొత్త చెక్క దిట్టంగా ఉంది. యంత్రం కూడా అదే చెప్తోంది" అన్నాడు అతను. "ఒక్క రోజు పరీక్షతో ఇది నాకు తెలిసేది కాదు. ఈ కర్ర లేకపోతే కొట్టెయ్యమనే రాసేవాణ్ణి."

చెట్టు ఉంటుంది. ఏటా ఒకసారి కర్రతో కొలిచి ఆఫీసుకి రాసి పంపాలి, అదొక్కటే షరతు. మేకు తనే పీకేశాడు.

డ్రైవరు గారు గేటు పట్టుకుని అటు తిరిగి నిలబడ్డారు. నిమ్మచెట్టావిడ కత్తెర గుడ్డతో ఆయన్ని కళ్ళు తుడుచుకోమంది. నూనె అంటుకుని కళ్ళు మండి ఆయన నిజంగానే ఏడ్చారు.

ఇంటికి వెళ్ళి దీపం పెట్టుకోవాలి. ఈ రోజు అడగడానికి ఏమీ లేదు.

మీ మరదలు

*

మేడ మీద గది,
రెండు నెలల తర్వాత, గురువారం

మరదలికి,

నిన్న ఊరి నుంచి తిరిగి వచ్చాం. బస్సులో మీ అన్నయ్య నా కుడి పక్క కూర్చుని దారి పొడుగునా నువ్వు పెట్టిన భోజనం గురించే చెప్పాడు. నేను కిటికీలోంచి చెట్లు చూసుకుంటూ వచ్చాను. ఎదురుగా చెప్పలేకపోయినవి రాస్తాను.

ఆదివారం నేను వెనక వరసలో కూర్చున్నాను. నువ్వు చెప్పింది ఒక్క ముక్క వినపడలేదు నాకు. కానీ చూశాను. నువ్వు పెదవి కదిపేసరికి ఇరవై మంది ఊపిరి బిగబట్టి ముందుకి వంగారు. నా ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో అరిచి అరిచి కూడా అంత నిశ్శబ్దం తేలేకపోయాను. కొత్తవాళ్ళకి ముందు నీ కోత చూపించావు. నువ్వు దారం వదులుగా కట్టి చూపిస్తే, డ్రైవరు గారు కొమ్మ ఊపి అది జారడం చూపించారు. ఇద్దరూ బాగా సాధన చేసినట్టున్నారు. తర్వాత నా వైపు చూశావు. చూశావంతే.

నేను లేచి పడమటి వైపుకి వెళ్ళడానికి ఎంతసేపు పట్టిందో నీకు తెలుసు. వాళ్ళందరి ముందూ "ఇది నేను కోసిందే" అన్నాక మాత్రం భుజం నొప్పి కూడా తగ్గినట్టు అనిపించింది. నిమ్మచెట్టావిడ "అయ్యో, అంత చిన్న వయసులోనా!" అంది. ఆవిడని నేను ఇష్టపడుతున్నాను.

కర్ర నువ్వే నా చేతికిచ్చావు. ఎడమ చేత్తో పట్టుకున్నాను. చెయ్యి అంత ఎత్తు లేచింది, గమనించావా? తొర్రలోకి పెట్టి, బొటనవేలితో గుర్తు పట్టి, బయటికి తీశాను. జేబులో చాకు తెచ్చుకున్నాను కానీ తీయలేదు. పదో ఏడాది కూడా గీత అక్కడే ఉంది.

కర్రని మళ్ళీ గొడుగుల డబ్బాలో పెట్టకు. లైబ్రరీ మేడం బల్ల పక్కన, అందరికీ అందే చోట పెట్టించు.

ఊలు ఉండ ఒకటి పంపుతున్నాను. ముడి గట్టిగా వెయ్యి.

నీ వదిన